కూరలో కలిపే మాత్ర వద్దు

ప్రశ్న: మా ఆయన మందు మానేసి పది రోజులైంది. వణుకు తగ్గింది గానీ నిద్ర లేదు, ఊరికే కసురుకుంటున్నారు. తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఉందట, వాడొచ్చా?
– ఒక సోదరి, కావలి

జవాబు: వద్దమ్మా. అది డైసల్ఫిరామ్, మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర. వేసుకున్న సంగతి తెలియక కాస్త తాగినా బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆయన ఒప్పుకున్నాక, డాక్టరు లివర్ పరీక్ష చేయించి రాస్తేనే వాడాలి. మందు మానేశాక ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి, ఆ గండం దాటారు. నిద్ర, చిరాకు కుదుటపడటానికి వారాలు పడుతుంది. నిద్రమాత్రలు సొంతంగా కొనకండి, వాటికీ అలవాటు పడతారు. థయామిన్, అంటే బి1 విటమిన్, డాక్టరు చెప్పినన్నాళ్లూ వేయండి. తాగాలనే యావ సాధారణంగా అరగంటలో దిగుతుంది. ఖాళీ కడుపుకి మరీ ఎక్కువ, అందుకే షాపు దగ్గరికి నడిచే వేళకి ముందే అన్నం పెట్టేయండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మందు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ ఉచితం, మీరు కూడా మాట్లాడొచ్చు.