పంపు దించే ముందు చూడాల్సినవి

అల్లుడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బండి ఖాళీగా ఉంటే బాగానే పోతోంది, సరుకు ఎక్కిస్తే మాత్రం ఎత్తు దగ్గర లాగడం లేదు, రెండో గేరులో ఈడ్చుకుంటూ పోవాల్సి వస్తోంది అన్నావు. డీజిల్ పంపు దించి చూడాలంటున్నారు, టెన్షన్‌గా ఉంది అని కూడా రాశావు. ఇప్పుడే పంపు దించనివ్వకు. పంపు దించి దాని సీలు తెంపారంటే, మళ్లీ దాన్ని పంపులు పరీక్షించే బెంచి మీద సరిచేయించే దాకా బండి కదలదు. పాత డీజిల్ బండ్లలో పవర్ తగ్గడానికి పంపు కారణం కావడం నేను చూసినంతలో తక్కువ. పంపుకి ముందూ వెనకా ఉన్న చిన్న చిన్న వస్తువులే ఎక్కువసార్లు కారణం.

ముందు ఒక కాగితం తీసుకుని రాసుకో. పవర్ ఒక్కసారిగా పడిపోయిందా, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చిందా? ఒక్కసారిగా పోతే ఏదో ఊడింది, చిరిగింది, లేదా మూసుకుపోయింది. నెమ్మదిగా పోతే ఫిల్టర్లు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, పిస్టన్ రింగులు, అంటే మురికీ అరుగుదలా. స్టార్ట్ చేసినప్పటి నుంచే బలం లేదా, లేక కొంతసేపు బాగా నడిచాక తగ్గుతోందా? ఈ రెండో ప్రశ్నకు జవాబు తప్పకుండా పట్టుకో. ఎందుకో కింద చెబుతాను.

తర్వాత, అసలు తప్పు ఇంజిన్‌దేనా అని చూడు. ఎత్తు మీద పై గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. కాసేపు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లు. డ్రమ్ముని ముట్టుకోకు, కాలుతుంది. ఒక చక్రం దగ్గర సెగ మిగతా వాటికంటే గట్టిగా తగిలితే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. ఇంజిన్ పాపం ఎంత లాగినా సగం బలం అక్కడే పోతుంది. టైర్లలో గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు.

యాక్సిలరేటర్ కూడా చూడు. ఇంజిన్ ఆపి, ఒకర్ని పెడల్ పూర్తిగా తొక్కమని, నువ్వు పంపు పక్కన నిలబడి పంపు లివర్ చివరి బోల్టుకి తగులుతోందో లేదో చూడు. కేబుల్ సాగినా, పెడల్ కింద మ్యాట్ అడ్డుపడినా ఆ చివరి కొంచెం అందదు. లోడ్ మీద కావాల్సిన బలమంతా ఆ చివరి కొంచెంలోనే ఉంటుంది.

ఇక పొగ. లోడ్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు అద్దంలో చూస్తూ నడుపు, లేదా వెనక వచ్చేవాళ్లెవరినైనా చూసి చెప్పమను. నల్లగా కమ్ముకుంటే డీజిల్ అందుతోంది, దానికి సరిపడా గాలి అందడం లేదు. బలమూ లేదు, పొగా లేదు అంటే డీజిలే అందడం లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా కాలడం లేదు, టైమింగో (డీజిల్ చిమ్మే సమయం), కంప్రెషనో (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) చూడాలి. రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నా తెల్లగానే వస్తుంది, అది ఇంజిన్ హెడ్ కింద ఉండే గ్యాస్‌కెట్ పని. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది.

నువ్వు రాసినదాన్ని బట్టి పొగ పెద్దగా లేదు. కాబట్టి డీజిల్ దారి గురించే ఎక్కువ చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం నేను చూసుకునే డెలివరీ లారీ ఒకటి నీ బండిలాగే ఎత్తు దగ్గర లాగేది కాదు. బయల్దేరినప్పుడు బాగుండేది, నలభై నిమిషాలయ్యాక చచ్చుబడిపోయేది. ఫిల్టర్లు మార్చాం, నాజిళ్లు కొత్తవి వేయించాం, చివరికి పంపు దించి మొత్తం చేయించాం. బండి అలాగే ఉంది. ఒకరోజు ఎత్తు మధ్యలో ఆగిపోతే డీజిల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. మూత వదులవగానే ట్యాంకు హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మూత పెట్టి స్టార్ట్ చేస్తే బండి కొత్తదానిలా ఎత్తు ఎక్కింది. మూతకి గాలి వెళ్లే రంధ్రం దుమ్మూ డీజిల్ జిడ్డూ కలిసి గట్టిపడి మూసుకుపోయింది. డీజిల్ వాడుకున్నకొద్దీ ట్యాంకులో వ్యాక్యూమ్ పెరిగి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు లాగలేకపోయేది. ఆ రంధ్రం శుభ్రం చేయడానికి ఒక సన్నని తీగ ముక్క చాలింది. అన్ని వారాలు బండి యజమాని నష్టపోయాడు, అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే కాసేపటి తర్వాత బలం తగ్గుతోందా అని అడిగాను. తగ్గుతుంటే, తగ్గిన ఆ నిమిషంలోనే ఆపి మూత తీసి విను.

మూత బాగానే ఉంటే ట్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కో అడుగూ ముందుకు రా. ట్యాంకులో డీజిల్ లాగే పైపు చివర జాలీ ఉంటే అక్కడ చెత్త పేరుకుంటుంది. రబ్బరు హోస్ బయటికి నిగనిగలాడుతున్నా లోపలి పొర ఉబ్బి దారి మూసేసి ఉండొచ్చు, వయసు మీద పడిన హోస్‌ని అనుమానించు. నీటిని వేరుచేసే గిన్నె కింద ప్లగ్ వదులు చేసి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టు. కదపకుండా పక్కన పెడితే నీళ్లుంటే అడుగున తేరుకుంటాయి, రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. పాత ఫిల్టర్‌ని పారేయకుండా కోసి చూడు. కాగితం మడతల్లో నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకు అడుగున నీళ్లు చేరి అందులో సూక్ష్మజీవులు పెరిగాయని అనుమానించు. అప్పుడు ట్యాంకు కడగకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా వృథా.

ఎయిర్ పట్టడం, అంటే డీజిల్ పైపులోకి గాలి దూరడం గురించి చాలామంది పొరపడతారు. డీజిల్ కారే చోట వెతుకుతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో ఉండేది పీల్చే ఒత్తిడి. అక్కడ సందు ఉంటే ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పైపు పొడిగానే ఉంటుంది. ఫీడ్ పంపుకి వెళ్లే చోట డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన గొట్టం ఒక ముక్క తాత్కాలికంగా బిగించి, ఇంజిన్ వేగం పెంచి చూడు. బాగుంటే గొట్టం ఖాళీగా ఉందో నిండుగా ఉందో తెలియనంత నిశ్చలంగా ఉంటుంది. ఎయిర్ పడుతుంటే పూసలదండలా బుడగలు వరుసగా పోతుంటాయి. అప్పుడు క్లిప్పులు, బ్యాంజో బోల్టుల (పైపులు బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టులు) కింద కాపర్ వాషర్లు, హ్యాండ్ పంపు సీలు ఒక్కొక్కటే మార్చుకుంటూ రా. ఒకసారి వాడి నలిగిన కాపర్ వాషర్ మళ్లీ వేయకు.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ఉన్న బండి కదా, ఇంకొకటి. ఇంజిన్‌కి గాలి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి డీజిల్ పంపు పైన ఉన్న డయాఫ్రమ్ అనే పలచని పొరకి సన్నని పైపు వెళ్తుంది. టర్బో ఒత్తిడి పెరిగిందని పంపుకి తెలిసేది దాని ద్వారానే. అది పగిలినా, ఊడినా పంపు ఎక్కువ డీజిల్ ఇవ్వదు. పొగ రాదు, బలం రాదు, పంపు పోయిందనే అనిపిస్తుంది. చిటికెన వేలంత కూడా లేని ఆ పైపుని చివరి నుంచి చివరి దాకా వేళ్లతో తడిమి చూడు.

నల్లపొగ వస్తే మాత్రం గాలి వైపు చూడాలి. ఎయిర్ క్లీనర్ తర్వాత టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే హోసులు చూడు. చీలిక ఎక్కువగా కింది వైపు, కంటికి కనపడని చోట ఉంటుంది. జిడ్డుతో దుమ్ము అంటుకున్న మచ్చ కనిపిస్తే అక్కడ బొటనవేలితో నొక్కు, తెరుచుకుంటుంది. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టం మూసి బండి వేగం తగ్గించేది) ఉంటే దాని రేకు సగం మూసుకుని ఇరుక్కుపోయిందేమో కూడా చూడు.

ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే అప్పుడు ట్యాపెట్ క్లియరెన్సు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), నాజిళ్లు, కంప్రెషన్, టైమింగ్, ఆ తర్వాతే పంపు. ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా నాజిల్‌కి వచ్చే పైపు నట్టు వదులు చేసే పద్ధతి ఉంది. దాన్ని నువ్వు ఒంటరిగా చేయకు. పాత నాజిల్ కూడా 200 బార్ అటూ ఇటూ ఒత్తిడితో తెరుచుకుంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం సూదిగుచ్చినంతే ఉన్నా వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే. కామన్ రైల్ బండి (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చేది) అయితే ఆ నట్లు అసలు ముట్టుకోకూడదు.

ఒకసారి ఒక్కటే మార్చు. మార్చాక అదే లోడ్‌తో అదే ఎత్తు ఎక్కించి, ఏ గేరులో ఎక్కిందో రాసుకో. ముందు ట్యాంకు మూత చూసి, ఏం వినిపించిందో రేపే నాకు రాయి.

మీ మామయ్య