వెల్డింగ్ బల్లలా, మాడ్యులర్ వర్క్‌స్టేషన్లా?

అసెంబ్లీ లైనుకు వెల్డింగ్ చేసిన ఇనుప బల్లలు చాలవా, విప్పి మళ్లీ కట్టుకోగల మాడ్యులర్ వర్క్‌స్టేషన్లకు అంత ఖర్చు దేనికి అన్నది ప్రశ్న. ఏళ్ల తరబడి ఒకే వస్తువు తయారయ్యే చోట, సుత్తి దెబ్బలు పడే చోట వెల్డింగ్ బల్లే మేలు.

మోడల్ తరచూ మారే చోట లెక్క వేరు. 28 మిల్లీమీటర్ల పైపులను జాయింట్లతోనో, గాడులున్న అల్యూమినియం ప్రొఫైళ్లను (కడ్డీలను) ఆ గాడుల్లో ఇమిడే టీ-నట్లతోనో బిగించి కట్టిన బల్లను ఆరు పలకల ఆలెన్ కీతో విప్పి, ఎత్తు మార్చి, మళ్లీ పనిలో పెట్టవచ్చు. బల్ల వెనుక రోలర్ పట్టాలను కొద్దిపాటి వాలులో అమర్చితే విడిభాగాల ట్రే తన బరువుతోనే పనివారి చేతి దాకా జారివస్తుంది, ముందు వచ్చిన సరుకే ముందు వాడకంలోకి పోతుంది, ఖాళీ ట్రే ఎదురువాలున్న కింది పట్టా మీదుగా వెనక్కి వెళ్తుంది. మోటారు, కరెంటు అక్కరలేని ఇలాంటి ఏర్పాట్లను జపాన్ కర్మాగారాల్లో కరకురి అంటారు. అయితే వాలును నిండు ట్రేతోనే కాక, సగం ఖాళీ అయిన ట్రేతోనూ పరీక్షించాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఎలక్ట్రానిక్ బోర్డుల పనికైతే మామూలు ప్లాస్టిక్ పూత పైపులు వద్దు. స్థిర విద్యుత్తును భూమిలోకి దింపే పూత, మ్యాట్, ఎర్తింగ్ తప్పనిసరి. ఆర్డరు ఇచ్చే ముందు అట్టపెట్టెలతో నమూనా బల్ల కట్టి, దానిపై పనిచేయబోయే వారినే నిలబెట్టి చూడండి.