మా చిన్నతాత రెండో ఉద్యోగం

"యుద్ధంలో పోరాడిన సైనికులు రిటైరయ్యాక నిజంగా సమాజ సేవ చేస్తారా, లేక అదంతా ఆగస్టు 15 ప్రసంగాల్లో మాటేనా?" అని అడిగారు.

చేస్తారు. నేను దగ్గరుండి చూశాను. కాకపోతే మీరు ఊహించుకుంటున్న సేవ అది కాకపోవచ్చు.

మా చిన్నతాత, అంటే తాతయ్యకి సొంత తమ్ముడు, 1957లో సైన్యంలో ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేరారు. 1965లోనూ, 1971లోనూ పడమటి సరిహద్దులోనే ఉన్నారు. 1978లో హవల్దార్‌గా రిటైరై ఇంటికొచ్చారు. 2024లో, 86 ఏళ్ల వయసులో పోయారు. యూనిఫాంలో ఉన్నది 21 ఏళ్లు. తర్వాతి 46 ఏళ్లు ఏం చేశారయ్యా అంటే, అర్జీలు రాశారు. ఊళ్లోవి, చుట్టుపక్కల ఊళ్లవి, మాజీ సైనికులవి, ఎక్కువగా వాళ్ల భార్యలవి.

ఫిరంగుల మోతకి ఆయన కుడి చెవి పోయింది. అందుకని అరుగు మీద ఎవరొచ్చినా ఎడమ పక్క స్టూలు మీదే కూర్చోవాలి. తెలియక కుడి పక్క కూర్చున్నవాళ్లు పావుగంట గోడు వెళ్లబోసుకున్నాక, "ఇప్పుడిటు వచ్చి మళ్లీ చెప్పమ్మా" అనేవారు.

డిసెంబరు 16 వస్తే మాత్రం ఆయనకి చిరాకు. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు, 93 వేల మంది బందీలు, ఇదంతా అందరికీ నోటికొచ్చు. "మాకు 16న ఎక్కడ ఆగిందిరా? పడమట 17 రాత్రి ఎనిమిదికి గదా కాల్పులు ఆపింది" అని ఏటా ఒకటే గొడవ. అయినా బడివాళ్లు 16నే పిలిచేవాళ్లు, శాలువా కప్పేవాళ్లు, ఫోటో తీసి పంపించేసేవాళ్లు. మా ఇంట్లో ఆ శాలువాలు ఎన్ని పోగుపడ్డాయంటే, బీరువా చాలక దిండు గలీబుల్లో కుక్కాం. ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ శాలువాతో పాటు ఓ దస్తా తెల్లకాగితాలు ఇచ్చిన పాపాన పోలేదు. ఆయనకి కావాల్సింది అవే.

ఆయన ఆఫీసంతా ఒక నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు, పేరు. లోపల ఫైళ్లు, ఒక్కోదాన్నీ పాత బూటు లేసుతో కట్టేవారు. రిజిస్టర్డ్ పోస్టు అందినట్టు తిరిగొచ్చే కార్డుని ఆ లేసు కిందే దోపేవారు. (ఆ రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అది చూడకుండా పోయారు, మంచిదే అయింది. చూసుంటే దాని మీద కూడా ఓ అర్జీ పెట్టేవారు.)

ఇంతకీ అర్జీలెందుకంటారా? మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. భర్తీ రోజున రాసుకున్న ఉత్తరాది క్లర్కు ఆ ఇంటిపేరునే పేరనుకుంటాడు. పెళ్లయ్యాక భార్యకి అత్తవారింట్లో ఇంకో పేరు పెడతారు. జవాను సెలవు మీద వచ్చి, వెళ్లి, యూనిట్‌లో ఏదో ఒకటి రాయిస్తాడు. ఆయన బతికున్నంత కాలం ఎవరికీ పట్టదు. పోయిన మర్నాటి నుంచి డిశ్చార్జి బుక్కులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, బ్యాంకులో మూడో పేరు. ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. ఆర్టిలరీ అయితే నాసిక్‌లోని రికార్డ్స్ ఆఫీసుకి, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌కి, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్‌కి రాయాలి. అక్కడి నుంచి అది అలహాబాద్‌లోని పెన్షన్ల ఆఫీసుకి వెళ్లాలి. చదువురాని ముసలావిడకి ఇవన్నీ ఎవరు చెబుతారు?

1998 వేసవి సెలవుల్లో ఒకసారి నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరారు, ఫైలు మొయ్యడానికి. వెంట పక్క ఊరి ఆవిడ. భర్త పోయి రెండేళ్లు, పైసా రాలేదు. ఏ ఆఫీసుకో చెప్పను. చిన్నతాత చొక్కాకి మెడల్స్ పెట్టుకున్నారు. ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోని మనిషి ఇప్పుడెందుకని అడిగితే, "క్యూ తగ్గుతుందిరా" అన్నారు. తగ్గలేదు. పదింటికి వెళ్తే మధ్యాహ్నం మూడు దాటింది.

క్లర్కు తలెత్తకుండానే, "మీ ఆయన పేరు చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడ చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. మా నాయనమ్మ తరంలో మొగుడి పేరు నోటితో పలకరు, ప్రాణం పోయినా పలకరు. ఆ కుర్రాడికి అది తట్టలేదు. "పేరు కూడా తెలీదా? అసలు భార్యేనా?" అన్నాడు. చిన్నతాత చెప్పబోతే, "మీరు చెప్పకూడదు సార్, ఆవిడే చెప్పాలి" అని ఆపేశాడు. వెనక క్యూలో ఎవరో నవ్వారు. చిన్నతాత మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. ఈయనిప్పుడు తిడతారు, మేము ఉత్త చేతుల్తో వెళ్తాం అనుకున్నాను.

అప్పుడావిడ కొంగు తీసి ఒక్కో అంకే చెప్పడం మొదలుపెట్టింది. ఏడంకెలు. ఆపకుండా, ఎక్కం అప్పజెప్పినట్టు. తర్వాత ఆయన యూనిట్ పేరు, "కేరాఫ్ 56 ఏపీఓ" అనే ఆర్మీ పోస్టాఫీసు దాకా.

అది ఆయన ఆర్మీ నంబరు. చదువురాదు కాబట్టి ఉత్తరం రాయించినప్పుడల్లా పైన అడ్రసు నోటితో చెప్పాలి. అన్నేళ్లూ పేరు రాసేవాళ్లకి వదిలేసి నంబరు తను చెప్పేదట. క్లర్కు డిశ్చార్జి బుక్కులో వేలు పెట్టి, "మళ్లీ చెప్పండి" అన్నాడు. మళ్లీ చెప్పింది. ఒక్క అంకె తేడా లేదు.

ఆ తర్వాత అతను భార్యేనా అన్న మాట ఎత్తలేదు. కానీ సర్పంచ్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో స్పెల్లింగు తప్పుందని ఫైలు వెనక్కిచ్చేశాడు. పెన్షన్ రావడానికి ఇంకో 14 నెలలు పట్టింది. బకాయిలతో సహా వచ్చాకే చిన్నతాత రిజిస్టర్లో ఆ పేరు ముందు ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టారు.

నన్నడిగితే సమాజ సేవంటే ఇదొక్కటే. మొక్కతో ఫోటో, రక్తదానం బ్యానరు, వాట్సాప్‌లో "జై జవాన్", ఇవి ఎవరైనా చేస్తారు. ఒకే ఉత్తరాన్ని పదకొండోసారి కూడా మొదటిసారి రాసినంత మర్యాదగా రాయడం సైన్యంలో పనిచేసినవాడికే చేతనవుతుంది. ఇందులో నాతో వాదించకండి.

2003లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వచ్చినప్పుడు, 2015లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్ ప్రకటించినప్పుడు మా అరుగు మీద చోటు ఉండేది కాదు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల గోల. పొలం పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయినవాళ్లని ఆ మిషన్ బతికున్నట్టు ఒప్పుకునేది కాదు. 2021లో ముఖం చూపిస్తే చాలన్నప్పుడు, "అరవై ఏళ్ల క్రితం భర్తీలోనూ ముఖమే చూశారు" అని నవ్వారు.

ట్రంకు పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. రిజిస్టర్లో టిక్కు పడనివి మూడున్నాయి. ఒకావిడది సైనిక పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో లాగిన్ అవ్వాలి, ఓటీపీ వాళ్లబ్బాయి ఫోనుకి వెళ్తోంది. అతను నా ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం వాళ్ల ఊరు వెళ్తున్నాను.