ముక్క మానేశానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిలో ఒకే సమస్య మూడు వైపుల నుంచి కనిపించింది. అందువల్ల ఆ మూడింటికీ ఇక్కడే కలిపి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల క్రితం మాంసం, చేపలు, గుడ్లు మానేశాను. ఏ గురువూ చెప్పలేదు, ఏ మొక్కూ లేదు, ప్రాణిని చంపి తినడం మనసుకు ఒప్పలేదు, అంతే. ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఇదే చర్చ. అమ్మ ‘ముక్కలు తీసేసి షేర్వా అన్నా ఏసుకో బిడ్డా’ అని బతిమాలుతుంది. బాబాయి ‘బాపనోళ్లల్ల కలిసినవా’ అంటాడు. బావలు ‘మొక్కలకు పానం లేదా’ అని నవ్వుతారు. బోనాలకు వండిన యాట కూర ముట్టలేదని నానమ్మ అలిగి మాట్లాడలేదు. సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి అబ్బాయి వాళ్లకు చెప్పవద్దని అమ్మ అంటోంది. ఎవరినీ నొప్పించకుండా నా మాట మీద నిలబడేదెలా?

జవాబు: మీ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణంతో అడుగుతున్నారు, మీరు మాత్రం అందరికీ ఒకే సమాధానం చెప్పాలని చూస్తున్నారు. ఎవరి మాట వెనుక ఏముందో విడివిడిగా చూస్తే దారి తేలిక అవుతుంది.

ముందు మీ బాబాయి మాట తీసుకుందాం, ఎందుకంటే వినడానికి ఎగతాళిలా ఉన్నా అన్నింటికంటే బరువైన మాట అదే. 2014లో జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జరిపిన నమూనా సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్లు పైబడినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులుగానే నమోదయ్యారు. అంటే మన నేల మీద మాంసం తినడమే మామూలు సంగతి. అయినా తరతరాలుగా శాకాహారాన్ని కొన్ని కులాల గొప్పతనానికి గుర్తుగా చూపుతూ, తినేవారిని తక్కువ చేసి మాట్లాడటం మన ఊళ్లలో జరిగింది. నేటికీ హైదరాబాద్‌లో మాంసం వండేవారికి ఇల్లు అద్దెకివ్వమని మొహం మీదే చెప్పే యజమానులు ఉన్నారు. ఆ అవమానాన్ని మోసిన ఇంట్లో ఆడపిల్ల ఒక రోజు వచ్చి ‘నేను మానేశాను’ అంటే, ‘మీ తిండి నాకు తగదు’ అన్నట్టు వినిపించడంలో వింత లేదు. అందువల్ల మీరు ఆయనకు జీవహింస గురించి ఎంత చెప్పినా ఫలితం ఉండదు. ఆయన వినాలనుకుంటున్న మాట వేరు. ‘బాబాయ్, నేను తినే తిండి మీదే నేను నిర్ణయం తీసుకున్నాను. మన ఇంటి తిండి తక్కువదని నేను ఏనాడూ అనుకోలేదు, అనుకోను కూడా’ అని ఒక్కసారి, నలుగురిలో కాకుండా పక్కన కూర్చున్నప్పుడు, నెమ్మదిగా చెప్పండి. ఆ తరువాత మీ నడవడిక దానికి సాక్ష్యంగా ఉండాలి. పక్కవారి విస్తరిలో ముక్క పడితే ముక్కు మూసుకోవడం, నీసు వాసన అని లేచి వెళ్లడం, పిల్లల ముందు ‘పాపం కోడి’ అనడం చేస్తే మీరు చెప్పిన మాటకు విలువ ఉండదు. నా అభిప్రాయంలో మీ సమస్యలో సగానికి పైగా పరిష్కారం ఇక్కడే ఉంది.

మీ అమ్మగారి బాధ పూర్తిగా వేరు. వారాంతానికి వచ్చే బిడ్డ కోసం నాటుకోడి కోయించి, మసాలా నూరి, కట్టెల పొయ్యి మీద వండిపెట్టడమే ఆమెకు తెలిసిన ప్రేమ. మీరు వద్దన్నప్పుడల్లా తన చేతిని వద్దన్నట్టే ఆమెకు అనిపిస్తుంది. షేర్వా ఒక్క గరిటెడు వేసుకుంటే గొడవ వదులుతుందని అనిపించినా వేసుకోకండి. ఈ వారం షేర్వా వేసుకుంటే వచ్చే వారం చిన్న ముక్క వస్తుంది, మీ మాటకు విలువ లేకుండా పోతుంది. వద్దని చెప్పడంతో ఆగక, ఏం కావాలో కూడా మీరే అడగండి. బయలుదేరే ముందు రోజే ఫోన్ చేసి ‘అమ్మా, పచ్చిపులుసు, పప్పుచారు, సర్వపిండి చేసి పెట్టు, అవి తినక ఎన్నాళ్లయిందో’ అని చెప్పండి. గోంగూరలో, వంకాయలో, బీరకాయలో ఎండు రొయ్యలు వేసే అలవాటు ఉంటే, అవి వేయకముందే మీకు కాస్త విడిగా తీసి ఉంచమని కోరండి. ఆమె చేతి వంటను మీరు ఇష్టంగా రెండోసారి అడిగి వేయించుకోవడం చూస్తే, ఆమెలోని దిగులు చాలావరకు పోతుంది.

నానమ్మగారి అలక అమ్మవారితో ముడిపడి ఉంది కాబట్టి అక్కడ తర్కం పనికిరాదు. అయితే ఒక సంగతి ఆలోచించండి. తలమీద ఎత్తుకునే బోనం కుండలో ఉండేది అన్నం, పాలు లేదా పెరుగు, బెల్లం. కుండకు పసుపు, సున్నం పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి తీసుకెళ్లే ఆ పనిలో మీరు మొదటి నుంచి చివరిదాకా పాల్గొనవచ్చు. తెల్లవారుజామునే లేచి నానమ్మతో పాటు బోనం వండి, మీరే ఎత్తుకోండి. పండుగ రోజు మనవరాలు పక్కన లేదన్న బాధే ఆమెను ఎక్కువగా కలచివేసిందని నాకు అనిపిస్తోంది. మన ఇళ్లలో అయ్యప్ప మాల వేసుకున్నవారి కోసం 41 రోజులు వేరే గిన్నెలు పెడతారు, శ్రావణ మాసంలో, కార్తీకంలో, శనివారాల్లో నీసు ముట్టరు. అప్పుడు ఎవరూ ఎవరినీ నిలదీయరు. మానుకోవడాన్ని గౌరవించడం మన కుటుంబాలకు బాగా తెలుసు. దేవుడి పేరు లేకుండా మానుకున్నవారికీ ఆ గౌరవం దక్కాలని కోరడం న్యాయమే. కానీ ఆ కోరిక తేలిగ్గా నెరవేరడం కోసం లేని మొక్కును ఉందని మాత్రం చెప్పకండి. ఒకరోజు అది బయటపడితే మీ అసలు కారణాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మొక్కలకు ప్రాణం లేదా అనే బావలతో వాదనకు దిగవలసిన పని లేదు. నవ్వేసి ఊరుకోవచ్చు. నిజంగా తెలుసుకోవాలని అడిగితే, మొక్కలకు మెదడు, నాడీ మండలం లేవని, ఫారం కోళ్లు కూడా మొక్కజొన్న, సోయా వంటి పంటలు తినే పెరుగుతాయని చెప్పి ఆపేయండి. ఆఫీసులో స్నేహితుల దగ్గరా ఇదే మాట వస్తుంటే, అది ఇంకా తేలిక. బిర్యానీకి వెళ్లే చోటు మీరే ఒకసారి ఎంచండి, మీ ప్లేటు సంగతి మీరు చూసుకుని కబుర్లలో కలిసిపోండి.

పెళ్లి సంబంధం విషయంలో మాత్రం మీ అమ్మగారి సలహా పాటించవద్దు. పెళ్లిచూపుల నాడే, కుదిరితే అంతకంటే ముందే, మధ్యవర్తి ద్వారా కాకుండా మీరే అబ్బాయితో మాట్లాడండి. నేను తినను అని చెబితే సరిపోదు. ఇంట్లో ఇతరుల కోసం వండుతారా వండరా, వంటగదిలో వేరొకరు వండుకుంటే మీకు అభ్యంతరమా, పుట్టబోయే పిల్లలకు ఏం పెట్టాలనుకుంటున్నారు అన్నవి కూడా తేల్చుకోండి. అత్తవారింట మొదటి ఆదివారం కోడి కడగమని గిన్నె చేతికిచ్చినప్పుడు బయటపడే నిజం రెండు కుటుంబాలనూ ఇబ్బంది పెడుతుంది. ఈ ఒక్క కారణంతో సంబంధం తప్పిపోతే బాధపడకండి, ఆ ఇంట్లో మీకు ఇదొక్కటే ఇబ్బంది అయ్యేది కాదు.

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. కోళ్లఫారంలో కోళ్లను ఉంచే తీరు వీడియోలో చూసి, ఇకపై గుడ్డు కూడా తిననని చెప్పింది. నీరసపడిపోతుందని మా వారు బలవంతంగా గుడ్డు తినిపించబోతే, అన్నం దగ్గర నుంచి లేచి వెళ్లిపోతోంది. ఎవరిని సముదాయించాలో తెలియడం లేదు.

జవాబు: ముందు మీ వారినే సముదాయించండి. గుడ్డు కోసం పట్టుబడితే భోజనమే పోతోంది, ఈ వయసులో అది పెద్ద నష్టం. ఆయన భయంలో నిజం లేకపోలేదు, దానికి సమాధానం పళ్లెంలో చూపించాలి. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాముల మాంసకృత్తులు కావాలి, ఎదిగే పిల్లలకు కాస్త ఎక్కువే అవసరం. 45 కిలోల అమ్మాయికి 40 గ్రాములకు తగ్గకూడదు అనుకుందాం. వండకముందు తూచిన వంద గ్రాముల కందిపప్పులో గానీ పెసల్లో గానీ 20 గ్రాములకు పైగా, గుప్పెడు వేరుశనగ గుళ్లలో ఏడు గ్రాముల వరకు, అరలీటరు పాలు, పెరుగులో 15 గ్రాముల వరకు ఉంటాయి. అన్నం, ఇడ్లీ, పెసరట్టు ఇచ్చేది అదనం. పప్పును పలుచటి చారులా కాకుండా ముద్దపప్పుగా, పెసరట్టుగా, సెనగల గుగ్గిళ్లుగా పెడితేనే ఈ లెక్క నిలుస్తుంది.

ఆడపిల్ల కాబట్టి ఇనుము మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఆకుకూర పప్పులో దించాక నిమ్మరసం పిండితే ఆ ఇనుము బాగా ఒంటబడుతుంది, భోజనం చేయగానే టీ తాగితే అది తగ్గిపోతుంది. బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు మానకపోతే కొంత అందుతుంది, అయినా ఏడాదికోసారి హిమోగ్లోబిన్‌తో పాటు దాన్ని కూడా పరీక్ష చేయించండి. తక్కువుంటే డాక్టరు చెప్పిన మాత్ర వాడటం కష్టమేమీ కాదు. ఆ పరీక్ష కాగితం మీ వారి చేతికిస్తే వాదన అవసరం ఉండదు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా గమనించండి. అమ్మాయి మాంసంతో పాటు అన్నం, నూనె, పాలు కూడా తగ్గించుకుంటూ, అద్దం ముందు లావు గురించే మాట్లాడుతూ, బరువు తగ్గిపోతుంటే, అది జీవకారుణ్యం పేరుతో సాగుతున్న మరో సమస్య కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అటువంటిది లేకపోతే, పదిహేనేళ్ల పిల్ల తన మనసుకు తప్పనిపించిన పని చేయనని నిలబడటం పెంపకంలోని మంచికే గుర్తు.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొత్త అల్లుడు సంక్రాంతికి వస్తున్నాడు. అతడు శాకాహారి. కనుమ నాడు అల్లుడికి కోడి, చేపల పులుసు లేకుండా భోజనం పెడితే ఊళ్లో నవ్వుతారని మా వారు అంటున్నారు. ఇంకా మేనమామలు, బావమరుదులు కూడా వస్తారు.

జవాబు: అమ్మా, మీ నుంచి వచ్చిన ఈ ఉత్తరం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. అడిగేవారి బాధే తప్ప పెట్టేవారి బాధ ఎవరూ రాయరు. మర్యాద అతిథికి ఇష్టమైనది పెట్టడంలో ఉంది కాబట్టి మీవారు వెనుకాడనక్కర లేదు. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, గుత్తివంకాయ, కందా బచ్చలి, పులిహోర, బొబ్బట్లు, పూతరేకులు ఉన్న విస్తరిని చూసి నవ్వేవారు కోనసీమలో ఉండరు. కనుమకు మినుము తినాలంటారు, ఆ గారెలు ఎలాగూ మీరు వేస్తారు. మిగతావారికి కోడి పులుసుతో వడ్డించి, అల్లుడికి అల్లం పచ్చడితోనో, పెరుగులో నానిన ఆవడలుగానో పెట్టండి. మిగిలిన చుట్టాల కోసం కోడి, చేప మానవలసిన పని లేదు. అల్లుడి ఎదుట మేనమామలు హాస్యానికి కూడా ముక్క వేయబోకుండా మీవారు ముందే ఒక మాట చెప్పి ఉంచితే చాలు.

గుడ్డు తింటాడా, ఒకే నూనెలో వేయించినవి పర్వాలేదా అని అమ్మాయికి ఫోన్ చేసి ఇప్పుడే అడగండి. ఏ సమాధానం వచ్చినా సరే, ఆ రోజు గారెలు, అప్పడాలు ముందుగా వేయించి పక్కన పెట్టి, చేప ముక్కలు ఆ తరువాతే మూకుట్లో వేయండి, గరిటెలు కూడా విడిగా ఉంచండి.