సైకిల్ రైడ్‌లో ప్రమాదం: నోటీసు అంది 32 రోజులైంది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా క్లబ్ తరఫున బ్రెవేలు (నిర్ణీత సమయంలో పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) నడుపుతున్నాం. పాతికమందితో మొదలై రెండొందల మందికి చేరాం. నాలుగు నెలల కిందట 300 కిలోమీటర్ల రైడ్‌లో, రాత్రిపూట సూర్యాపేట దగ్గర ఒక రైడర్‌ను లారీ వెనకనుంచి గుద్దింది. కాలు విరిగింది. ఆస్పత్రిలో రెండు రాత్రులు నేనే ఉన్నాను. ఇప్పుడు ఆయనే మామీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. నోటీసు అంది 32 రోజులైంది, ఒకటే టెన్షన్. స్పాట్ రిజిస్ట్రేషన్ హడావుడిలో ప్రమాదం జరిగితే బాధ్యత తనదేనని రాసిచ్చే హామీపత్రం మీద ఆయన చేత సంతకం చేయించలేదు. పాత తేదీతో ఒకటి తయారుచేద్దామని మా ట్రెజరర్ అంటున్నారు.

జవాబు: మీరు ఆస్పత్రిలో ఎన్ని రాత్రులున్నారని కమిషన్ అడగదు. ఫిర్యాదు కాపీతో నోటీసు ఏ రోజు అందిందని అడుగుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం జవాబుకు గడువు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. పాత చట్టంలోని ఇదే గడువుపై 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 45 రోజులు దాటాక పొడిగించే అధికారమే లేదని తేల్చింది. మీకు మిగిలింది 13 రోజులు. దారిలో కార్డు మీద స్టాంపు వేసే కంట్రోల్ పాయింట్ మూసే టైమును నిమిషాలతో సహా లెక్కపెట్టే మీరు, ఈ నోటీసును నెలరోజులు ఎలా పక్కన పడేశారు? ఆలస్యానికి కారణం చెబుతూ అర్జీ, దానితోపాటే జవాబు ఈ వారంలోనే వేయించండి.

ట్రెజరర్ చెప్పిన పని మాత్రం చేయకండి. కమిషన్ విచారణలో చూపడానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. సంతకం ఉన్నంతమాత్రాన మీ నిర్లక్ష్యం మాఫీ కాదు. అది లేనంతమాత్రాన మీరు ఓడిపోరు.

ఫీజు తీసుకున్నారు కాబట్టి ఇది ఉచితసేవ, వినియోగదారుల కేసు చెల్లదు అనే వాదన నిలబడదు. మీ వైపు లోపముందా అన్నదే ప్రశ్న. స్టార్ట్ దగ్గర వాలంటీరు ఆయన సైకిల్ వెనకలైటు వెలిగించి చూసి, రిఫ్లెక్టివ్ జాకెట్ ఉందని టిక్కు పెట్టిన చెకింగ్ షీటు ఉందా? చెమటకు తడిసి నలిగినా సరే, ముందు దాన్ని వెతకండి. కంట్రోల్ స్టాంపులున్న బ్రెవే కార్డు, రూల్స్ పంపిన ఈమెయిల్ కూడా తీయండి. వాట్సాప్ మెసేజీల్లో ఒక్కటీ డిలీట్ చేయొద్దు. ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. ఈవెంట్‌కు బీమా ఉంటే కంపెనీకి ఇవాళే రాతపూర్వకంగా తెలపండి.

గుద్దింది లారీ. ఎఫ్ఐఆర్, చార్జిషీటు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. లారీ బీమా కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలే. గాయపడిన ఆ రైడరుకు ఇంకా రెండు నెలలుంది. ఈ మాట మీ లాయరు ద్వారా ఆయన లాయరుకు చేరవేయండి. వచ్చే రైడ్‌కు, స్టార్ట్ దగ్గర ఎన్ని సైకిళ్ల లైట్లు చూడగలరో అంతమందినే తీసుకోండి.