విండోస్ నుంచి లినక్స్‌కు మారాను. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎలా చూసుకోవాలి? మునుపటిలాగే వెబ్‌సైట్ల నుంచి దింపుకొని ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోదా?

సరిపోదు. నేను మారిన మొదటి నెలలో ఆ పాత అలవాటుతోనే నడిచి, ఒక రాత్రంతా నల్లటి తెర ముందు కూర్చున్నాను.

అప్పుడు నా కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్ రకం ఉండేది. ఒక పనికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ కావలసి వచ్చింది. పాతది తీసేసి కొత్తది పెట్టుకోవడం విండోస్‌లో ఏళ్ల తరబడి చేసిన పనే కదా అని, పైథాన్‌ను తొలగించమని ఏపీటీకి, అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్‌ను పెట్టి తీసే ప్యాకేజీ మేనేజర్‌కు, ఆదేశం ఇచ్చాను. తెర మీద పేర్లు వరుసగా దిగాయి. చివర్లో ఇంత స్థలం ఖాళీ అవుతుంది, కొనసాగించాలా అని అడిగింది. పై వరుసల్లో ఒక్క పేరూ చదవకుండా వై నొక్కాను. ఆ పేర్లలో నా డెస్క్‌టాప్ కూడా ఉంది. రీస్టార్ట్ చేస్తే కిటికీలు లేవు, బొమ్మలు లేవు. యూజర్ పేరు అడుగుతూ ఒక్క తెల్లటి గీత మినుకుమంటోంది.

ఉబుంటులోని ఎన్నో సొంత పనిముట్లు పైథాన్‌లోనే రాసి ఉంటాయి. పైథాన్ పోతే అవి నిలవవు, అవి పోతే వాటి మీద ఆధారపడ్డవీ పోతాయి. తీగ లాగితే డొంకంతా కదిలింది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు తమకు కావలసిన లైబ్రరీలను, అంటే తయారు కోడ్ ముక్కలను, తమ ఫోల్డర్‌లోనే మోసుకొస్తాయి. ఇక్కడ అందరూ ఒకే లైబ్రరీని పంచుకుంటారు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో లెక్కంతా ప్యాకేజీ మేనేజర్ దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి ఏపీటీ నన్ను మోసం చేయలేదు. ఏమేం పోతాయో ముందే చెప్పింది, చదవనిది నేను.

బయటపడేసిందీ అదే. లాగిన్ అయి, వార్ (/var) ఫోల్డర్‌లో ఏపీటీ చరిత్ర ఫైలు తెరిస్తే, ఏ తేదీన ఏ నిమిషంలో ఏ ప్యాకేజీలు తీసేశానో పేరుపేరునా రాసి ఉంది. కేబుల్ పెట్టి నెట్ తెప్పించుకుని, ఉబుంటు డెస్క్‌టాప్ అనే మెటాప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఆ ఒక్క పేరు వెంట మిగతావన్నీ వచ్చాయి. ఏపీటీ హోమ్ ఫోల్డర్ జోలికి పోదు కనుక నా ఫైళ్లు చెక్కుచెదరలేదు. రిమూవ్ అన్నానే గాని పర్జ్ అనలేదు కనుక సిస్టమ్ సెట్టింగుల ఫైళ్లు కూడా మిగిలాయి. తెల్లవారేసరికి డెస్క్‌టాప్ తిరిగొచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. సిస్టమ్‌కు సంబంధించినది ఏదైనా డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) సొంత రిపాజిటరీ నుంచే, అంటే దాని ప్యాకేజీల భండారం నుంచే. నా ప్రాజెక్టుల పైథాన్ లైబ్రరీలు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే సిస్టమ్‌ను తాకని విడి ఫోల్డర్‌లో. తాజా వెర్షన్ తప్పనిసరి అయిన అప్లికేషన్‌కు, సిస్టమ్ ప్యాకేజీలతో కలవకుండా విడిగా ఉండే ఫ్లాట్‌పాక్. బయటి రిపాజిటరీలు ఒకటి రెండుకు మించనివ్వను. ఉబుంటును తర్వాతి వెర్షన్‌కు మార్చేటప్పుడు అవి ఆపివేయబడతాయి, మళ్లీ ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించేవి ఇంటర్నెట్‌లోని పాఠాలు. ఉబుంటుకు పునాది అయిన డెబియన్‌లో, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ లైబ్రరీలను తెచ్చే పనిముట్టు) నేరుగా ఏదైనా ఎక్కించబోతే అది ఒప్పుకోదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడమని చెబుతుంది. దాన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఉంది. సిస్టమ్ ప్యాకేజీలను పగలగొట్టు అని దాని పేరులోనే ఉంది. అయినా ఎన్నో పాఠాలు మొదటి పరిష్కారంగా దాన్నే చూపిస్తాయి! కొత్తగా వచ్చినవాళ్లు నమ్మి అతికిస్తారు, రెండు వారాలకు ఏదో పాడవుతుంది, లినక్స్ మంచిది కాదని వెనక్కి వెళ్లిపోతారు. సుడోతో మొదలయ్యే, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో నడిచే, ఏ వాక్యాన్నీ అర్థం కాకుండా అతికించకండి.

లినక్స్‌లో అందరూ అందమైన డెస్క్‌టాప్ గురించే మాట్లాడతారు. నన్నడిగితే అసలు సంపద ప్యాకేజీ మేనేజరే. ఏపీటీ 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. విండోస్‌కు సొంత ప్యాకేజీ మేనేజర్ వింగెట్ 1.0 వచ్చింది 2021లో. ఇన్నేళ్లుగా ఆ వేల ప్యాకేజీలను సరిచూసి పెడుతున్నవారిలో ఎందరో జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్ల శ్రమను పక్కన పెట్టి, ఎవరిదో తెలియని ఫైలును దింపుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మీరు ఫెడోరాలో ఉంటే డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ఉంటే ప్యాక్‌మ్యాన్. పేర్లు వేరు, క్రమశిక్షణ ఒకటే. డెబియన్ లేదా ఉబుంటు అయితే ఈ రోజే టెర్మినల్‌లో ఏపీటీ-మార్క్ షోమాన్యువల్ (apt-mark showmanual) అనే ఆదేశం నడిపి, వచ్చిన జాబితాను ఒక ఫైలులో దాచుకోండి. ఏదైనా తీసేసే ముందు నిజంగా ఏమీ తీయకుండా చూపించే సిమ్యులేట్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, పోయే పేర్లన్నీ చివరిదాకా చదవండి. జాబితాలో డెస్క్‌టాప్ అన్న మాట కనిపిస్తే ఆ పని అక్కడితో ఆపండి.