రూలు అందరికీ, మినహాయింపు మనవాళ్లకి

హిపోక్రసీ అంటే అసలేమిటి, ఆ నింద ఎప్పుడూ భక్తి సంఘాల మీదా మతసంస్థల మీదే ఎందుకు పడుతుంది అని అడిగారు. డిక్షనరీ అర్థం ఎవరైనా చెబుతారు. చెన్నైలో ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ మీటింగుల్లో కూర్చున్న మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. ఏకాదశి ఉపవాసం అని పొద్దున చెప్పి, సాయంత్రం ఆగలేక రెండు బజ్జీలు తిన్నవాడిని నేను దొంగభక్తుడు అనను. పాపం, ఆకలేసింది. అదే మనిషి పక్కింటాయన తిన్న బజ్జీలు లెక్కపెడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

2019 ఎండాకాలం చెన్నైలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటి, ఊరు ఊరంతా ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని రోడ్డు మీదకు వచ్చింది. అప్పుడు మేము మడిపాక్కంలో ఉండేవాళ్లం. బోరు ఎండిపోయింది. ట్యాంకర్‌వాడు చెప్పిందే రేటు, వచ్చిందే టైము. అర్ధరాత్రి హారన్ వినపడితే పెళ్లివారు దిగినంత హడావుడిగా అందరం కిందికి పరిగెత్తేవాళ్లం. ఫ్లాట్లకు పొద్దునొక గంట, సాయంత్రమొక గంట నీళ్లు. వాచ్‌మన్ కుటుంబం వాడుకునే కింది పంపుకి మాత్రం కమిటీ తాళం వేయించింది, వాళ్లు మెయింటెనెన్స్ కట్టరు కదా అని.

ఆ రోజుల్లోనే మా తెలుగువాళ్ల సత్సంగం వరుణ జపం తలపెట్టింది. అందులో వింతేమీ లేదు, ఆ ఏడు తమిళనాడులో చాలా గుళ్లలో చేశారు. పురోహితులు నీళ్లు నింపిన గంగాళాల్లో కూర్చుని మంత్రాలు చదువుతున్న ఫోటోలు పేపర్లలో కూడా వచ్చాయి. మావాళ్లూ వంటవాళ్ల దగ్గర ఒక పెద్ద గంగాళం అద్దెకు తెచ్చి, పార్కింగ్‌లో స్కూటర్లు పక్కకు నెట్టి మధ్యలో పెట్టారు. ట్యాంకర్ పైపు నేరుగా అందులోకే వదిలారు. పురోహితుడు దిగి కూర్చోగానే అంచు మీద నుంచి నీళ్లు జారి నేలంతా పారాయి.

వాచ్‌మన్ భార్యది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఊరు. కరువు ఆమెకు కొత్త కాదు. రెండు బిందెలు తెచ్చి ఒక పక్కగా నిలబడింది. “సార్, పైపు ఎలాగూ వేసే ఉంది, ఈ రెండూ పట్టుకుంటా సార్” అంది. మా సెక్రటరీ గారే సత్సంగం పెద్ద కూడా. ఆయన గొంతు పెంచలేదు, ఎంతో మెత్తగా చెప్పారు. “కమిటీ రూలమ్మా. నీకిస్తే రేపు అందరూ అడుగుతారు. లెక్క తప్పుతుంది.” జపం అయ్యాక గంగాళంలో నీళ్లు సీసాల్లోకి పట్టి ఫ్లాటుకొకటి తీర్థంగా పంచారు. నేల తుడవడానికి ఆమెనే పిలిచారు. ఆమె గుడ్డతో నేల మీది నీళ్లన్నీ అద్ది, బకెట్లోకి పిండి, ఆ బకెట్ తన గదికి పట్టుకుపోయింది.

గేటు బయట అదే సత్సంగం చలివేంద్రం నడుపుతోంది! దారిన పోయే ఎవరికైనా మజ్జిగ, చల్లటి నీళ్లు. పైన ఫ్లెక్సీ మీద దాతల ఫోటోలు, మధ్యలో సెక్రటరీ గారు దండం పెడుతూ. ఆమె బయటికి వెళ్లి నిలబడితే గ్లాసుడు నీళ్లు గౌరవంగా ఇచ్చేవారు. లోపల బిందె పడితే దొంగతనం.

ఇంతకీ ఆమెకు నీళ్లిచ్చింది ఎవరనుకున్నారు? రెండో అంతస్తు మామ్మగారు. తమ వాటా నీళ్లలోంచే. ఆవిడ మడి కట్టుకునే మనిషి. బిందె గుమ్మం బయట పెట్టించి, తగలకుండా పైనుంచి పోసేవారు. తగిలితే మళ్లీ స్నానం చేయాలి, దానికి నీళ్లెక్కడివి? ఆ మడి నాకు నచ్చదు, అది వేరే గొడవ. కానీ ఆవిడను కపటి అని నేను చచ్చినా అనను. తన నియమం బరువు తనే మోసింది, దాని ఖర్చు ఇంకొకరి నెత్తిన వేయలేదు. సెక్రటరీ గారి నియమం ఖరీదు వాచ్‌మన్ భార్య కట్టింది. తేడా అక్కడే ఉంది.

మతసంఘాల మీదే నింద ఎక్కువ ఎందుకు పడుతుందంటే, వాళ్లు ముందే బోర్డు కట్టుకుంటారు. టీకొట్టువాడు పాలల్లో నీళ్లు కలిపితే మోసం అని ఊరుకుంటాం. దయ, దానం అని మైకులో చెప్పినవాడిని ఆ మైకులో చెప్పినదాంతోనే కొలుస్తాం. పైగా సంఘమన్నాక మనవాడిని కాపాడుకునే అలవాటు ఒకటి ఉంటుంది. ఆ రోజు పార్కింగ్‌లో అంతమంది ఉన్నారు, ఒక్కరూ నోరెత్తలేదు. తర్వాత లిఫ్టులో మాత్రం అందరూ “అలా అనుండకూడదండీ” అన్నవాళ్లే.

మైకు అంటే గుర్తొచ్చింది. ప్రార్థన పేరుతో ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది. ఆ కేసు మన చెన్నైదే, కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీవాళ్లది. అక్కడ గొడవ ఒక చర్చితో, మా వీధిలో తమిళుల ఆడి మాసం అమ్మవారి పాటలతో. రాత్రి పది తర్వాత మైకు వద్దని రూలుంది. ఎదుటివాడి మైకు విషయంలో ఆ రూలు అందరికీ కంఠతా వచ్చు. నాస్తికులు నవ్వుకోనక్కరలేదు. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చే మా ఆఫీసు పెద్దాయన రాహుకాలం దాటాకే కొత్త కారు తాళం తీసుకున్నాడు. “ఇంట్లోవాళ్ల కోసమండీ” అట!

భక్తి ఉన్నచోటల్లా ఇదే బాగోతం అనుకోకండి. వళ్లలార్ అని పిలిచే తమిళ సాధువు రామలింగస్వామి 1867లో తమిళనాడులోని వడలూరులో ధర్మశాల పెట్టారు. అప్పుడు రాజేసిన పొయ్యి ఆరకుండా ఈనాటికీ అన్నం పెడుతున్నారు, వచ్చినవాడి కులమతాలు అడగరు. ఆయన చాలాకాలం మన చెన్నైలోనే, ఏళుకిణఱు (సెవెన్ వెల్స్) ప్రాంతంలో ఉన్నారు. మెయింటెనెన్స్ కట్టావా అని అక్కడ అడిగినట్టు నేను వినలేదు.

జపం ఫలితమా? జూన్ మూడో వారంలో నాలుగు చినుకులు పడ్డాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కం స్టేషన్‌కు 50 వ్యాగన్ల రైల్లో 25 లక్షల లీటర్ల నీళ్లు వచ్చాయి. సెక్రటరీ గారు రెండూ తమ ఖాతాలోనే వేసుకున్నారు, రైలుతో సహా.

మొన్న చలివేంద్రం చందాకి మళ్లీ వచ్చారు. ఇచ్చాను. మజ్జిగకే గానీ ఫ్లెక్సీకి కాదని రసీదులో రాసివ్వమన్నాను. ఇంకా రసీదు రాలేదు.